ఇసుకలో రాసిన పాఠం



మాది గోదావరి కాలువ గట్టున ఉన్న ఊరు. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు రోజూ రాత్రి భోజనమయ్యాక, వీధి అరుగు మీద లాంతరు పెట్టుకుని నోటుపుస్తకంలో ఏదో రాసుకునేవారు. ఒకసారి ట్యూషనుకి వెళ్ళినప్పుడు తొంగిచూశాను. ఆ రోజు క్లాసులో ఏ లెక్క ఎవరికి ఎక్కలేదో, ఎక్కడ తడబడ్డారో, మర్నాడు అదే లెక్కని ఇంకో దారిలో ఎలా చెప్పాలో అందులో ఉంది. మా పేర్లన్నీ ఉన్నాయి. నా పేరుకి ఎదురుగా "భిన్నాలు, మళ్ళీ మొదటినుంచి" అని రాసి ఉంది. సిగ్గుపడ్డాను. ఆ తర్వాత చాలా ఏళ్ళకి గానీ ఆ రెండు మాటల్లో ఎంత శ్రద్ధ ఉందో నాకు తెలియలేదు.

మా మాస్టారి నోటుపుస్తకాల సంగతి మళ్ళీ చెబుతాను. ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్నది ఇంకో మాస్టారి కాగితాల గురించి. అవి లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పాస్లీ పేపర్స్ అంటారు. డైరీలు, ఉత్తరాలు. సైనికులకు చదువు చెప్పడమే జీవితంగా పెట్టుకున్న ఒక అధికారి వదిలివెళ్ళిన రాత అది. ఆయన పేరు చార్లెస్ విలియం పాస్లీ. ఆయన బడికీ, మన వీధి అరుగు మీది బడికీ ఒక చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం చెప్పడానికే ఈ ప్రసంగం.

పాస్లీ 1780లో స్కాట్లండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్ అనే కొండపల్లెలో పుట్టాడు. ఎనిమిదేళ్ళకే గ్రీకు చదివేవాడట. 1796లో వులిచ్ సైనిక విద్యాలయంలో చేరి, మరుసటి ఏడాది చివరికి అధికారి అయ్యాడు. 1798లో రాయల్ ఇంజనీర్స్‌కి మారాడు. అది నెపోలియన్ యుద్ధాల కాలం. మాల్టా, సిసిలీ, కోపెన్‌హాగన్, స్పెయిన్, యుద్ధం ఎక్కడుంటే ఆయన అక్కడున్నాడు. మాల్టాలో కవి కోల్‌రిడ్జ్‌తో స్నేహం కుదిరింది. కత్తీ కలమూ రెండూ పట్టిన మనిషి కనక, ఆయన కాగితాల్లో కోటగోడల పక్కనే కవుల పేర్లు కూడా కనిపిస్తాయి.

1809 ఆగస్టులో, ఇప్పటి నెదర్లాండ్స్‌లోని ఫ్లషింగ్ రేవు ముట్టడిలో, సముద్రపు కరకట్ట మీదున్న ఫ్రెంచి ఫిరంగుల మీదికి వంద మందిని వెంటబెట్టుకుని దూకాడు. తొడలో బయొనెట్ దిగింది. ఆ వెంటనే తుపాకి గుండు వెన్నెముకను దెబ్బతీసింది. ఏడాదికి పైగా పనిలోకి వెళ్ళలేకపోయాడు. మంచం మీద ఊరికే ఉండలేదు. జర్మన్ నేర్చుకున్నాడు. బ్రిటన్ సైనిక విధానం మీద ఒక పుస్తకం రాశాడు. 1810 చివర్లో అచ్చయిన ఆ పుస్తకం బాగా పేరు తెచ్చుకుంది. నవలాకారిణి జేన్ ఆస్టెన్ అది చదివి, ఎంతో ముచ్చటపడ్డానని అక్కకు ఉత్తరం రాసింది. కవి వర్డ్స్‌వర్త్ 1811లో పాస్లీకే ఒక పెద్ద ఉత్తరం రాశాడు. మెచ్చుకోవలసింది మెచ్చుకుంటూనే, ఇతర దేశాలను ఆక్రమించి బలపడాలన్న ఆలోచనతో మాత్రం తాను ఏకీభవించలేనని అందులో చెప్పాడు. పాస్లీ ఆక్రమణను సమర్థించిన మనిషి. ఆ మాట మొదట్లోనే చెప్పుకోవాలి. ఆ సామ్రాజ్యపు నీడలో బతికిన వాళ్ళ మనవలం మనం. ఆయన చదువుల గురించి మాట్లాడేటప్పుడు ఆ చదువు ఎందుకోసం పుట్టిందో మరిచిపోకూడదు.

ఆ దెబ్బ తిన్న మనిషి పంతులెలా అయ్యాడు?

ఆ రోజుల్లో కోటను పట్టుకోవడమంటే గోడ దగ్గరికి కందకాలు తవ్వుకుంటూ వెళ్ళాలి. నేరుగా వెళితే గోడ మీది తుపాకులు బతకనివ్వవు. అందుకని వంకరటింకరగా, కొలత ప్రకారం తవ్వాలి. గోడ కిందికి సొరంగం తీసి మందుపాతర పెట్టాలి. ఇదంతా క్షేత్రగణితం. ఏ కోణంలో మలుపు తిప్పాలి, ఎంత లోతు తవ్వాలి, తవ్విన మట్టి ఎటు పోయాలి, ఇవన్నీ లెక్కలే. బ్రిటిష్ సైన్యంలో ఆ లెక్క కొద్దిమంది అధికారులకే తెలుసు. పలుగూ పారా పట్టే సిపాయికి తెలియదు. అధికారి ప్రతిచోటా తనే ముందు నిలబడి చూపించాలి. అలా నిలబడి చచ్చిపోయిన ఇంజనీర్లు స్పెయిన్‌లో ఎందరో. 1812 ఏప్రిల్ 6 రాత్రి బడహోస్ కోట మీద బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సేనలు దాడి చేశాయి. కోట దక్కింది. కానీ ఆ ముట్టడిలో చనిపోయినవారూ గాయపడినవారూ కలిసి దాదాపు 5,000 మంది. సైన్యానికి తర్ఫీదు పొందిన సాపర్లు, అంటే కందకాలూ సొరంగాలూ తవ్వే సిపాయిలు, కావాలని వెల్లింగ్టన్ తన ప్రభుత్వానికి గట్టిగా రాశాడు.

ఈ లోటును పాస్లీ అంతకు ముందే పట్టుకున్నాడు. 1811లో ప్లిమత్ రేవులో ఆయన చేతికింద ఒక కంపెనీ ఉండేది. అందులో ఉన్నది వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు. చాలామందికి చదువు అంతంతమాత్రం. వీళ్ళకి క్షేత్రగణితం నేర్పాలనుకున్నాడు. లెక్కల మాస్టార్లను పెట్టుకోవడానికి డబ్బూ లేదు, అంతమంది మాస్టార్లూ లేరు. పైగా గణిత పండితులు చెప్పే పద్ధతి మేస్త్రీ చెవికి ఎక్కదు.

అప్పుడాయన పాఠాన్నే మార్చాడు. కష్టమైన నిరూపణలు పక్కనబెట్టి, చేత్తో గీయగల సమస్యలను ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. ముందు గీత. గీతను సగం చెయ్యడం. దాని మీద నిలువు గీత నిలబెట్టడం. తర్వాత కోణం, ఆ పైన త్రిభుజం. కవాతు నేర్చుకున్నట్టే దీన్నీ అడుగు వెనక అడుగుగా నేర్చుకోవాలి. నేర్చుకున్న సార్జెంటు తన కింది సిపాయిలకు చెప్పాలి. ముందు వచ్చినవాడు వెనక వచ్చినవాడికి చెప్పాలి. మాస్టారు ఎదురుగా లేకపోయినా బడి నడవాలి.

ఇంగ్లండ్‌లో అప్పుడు పేదపిల్లల చదువు కోసం రెండు పేర్లు మారుమోగుతున్నాయి. ఒకటి జోసెఫ్ లంకాస్టర్, రెండోది డాక్టర్ ఆండ్రూ బెల్. పాస్లీ తన బడికి వీళ్ళ పద్ధతినే ఆధారం చేసుకున్నాడు. బెల్ పద్ధతికి ఇంగ్లండ్‌లో ఏం పేరో తెలుసా అండీ? మద్రాస్ సిస్టమ్.

ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. బెల్ కూడా స్కాట్లండ్ వాడే. మతాచార్యుడు. 1787లో మద్రాసు వచ్చాడు. రెండేళ్ళకి ఎగ్మూరులో ఈస్టిండియా కంపెనీ సైనికుల అనాథ పిల్లల కోసం ఒక ఆశ్రమ పాఠశాల తెరిచారు. ఆ పిల్లల్లో చాలామందికి తండ్రులు తెల్ల సిపాయిలు, తల్లులు మన దేశపు స్త్రీలు. బెల్ జీతం తీసుకోకుండా ఆ బడి బాధ్యత తలకెత్తుకున్నాడు. కానీ ఉన్న ఉపాధ్యాయులు తానన్నట్టు చెప్పరు. చిన్నపిల్లలకి అక్షరాలే ఒంటబట్టడం లేదు. ఒకనాడు పొద్దున్నే గుర్రం మీద వెళుతూ ఒక వీధిబడి చూశాడు. పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ముందు ఇసుక పరిచి ఉంది. వేలితో ఇసుకలో అక్షరం రాస్తున్నారు. నోటితో చదువుతున్నారు. చేత్తో తుడిచేసి మళ్ళీ రాస్తున్నారు. కాగితం ఖర్చు లేదు, కలం ఖర్చు లేదు.

బెల్ తిరిగివచ్చి తన బడిలోనూ అలాగే ఇసుక పోయించాడు. అక్కడి ఉపాధ్యాయులు ఇది కుదరదన్నారు. ఆయన ఊరుకోకుండా, పై తరగతి నుంచి ఒక కుర్రాణ్ణి పిలిచాడు. ఆ కుర్రాడి పేరు జాన్ ఫ్రిస్కెన్. ఒక మామూలు సిపాయి కొడుకు. ఎనిమిదేళ్ళ వయసు. చిన్నపిల్లలకి అక్షరాలు నువ్వు చెప్పు అన్నాడు. వాడు చెప్పాడు. పిల్లలకి వచ్చేశాయి. ఇంకొన్నాళ్ళకి ఆ బడిలో పిల్లలే పిల్లలకి పాఠాలు చెప్పడం మొదలైంది. బెల్ ఇంగ్లండ్ వెళ్ళిపోయి, 1797లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. అది వేల బళ్ళకు పాకింది. బెల్ పుట్టిన సెయింట్ ఆండ్రూస్ పట్నంలో ఆయన డబ్బుతో కట్టిన బడి ఒకటి ఇప్పటికీ ఉంది. దాని పేరు మద్రాస్ కాలేజ్.

బెల్ చూసింది తమిళ పిల్లల బడి. ఆ రోజుల్లో మద్రాసు ఇంగ్లిషువాళ్ళు తమిళాన్ని మలబారు అనేవాళ్ళు. ఆయన కూడా దాన్ని మలబారు బడి అనే రాశాడు. అయితే ఆ పద్ధతి ఒక్క తమిళులది కాదు. తెలుగు సీమలోనూ అదే. దానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో తన ప్రెసిడెన్సీలోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. దత్త మండలాల్లోని బళ్ళారికి ఎ. డి. క్యాంప్‌బెల్ అప్పుడు కలెక్టరు. ఈయన తెలుగు బాగా చదువుకున్నవాడు, తెలుగు వ్యాకరణం రాసినవాడు. 1823లో ఆయన పంపిన నివేదికలో జిల్లాలో 533 బడులున్నాయనీ, వాటిలో 6,641 మంది చదువుతున్నారనీ ఉంది. అందులో 226 తెలుగు బడులు. పిల్లలు వేలితో ఇసుకలో రాసుకుంటూ నేర్చుకోవడం గురించి చెప్పాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెబుతూ, ఆ చెప్పడంలో తమ చదువునూ గట్టిచేసుకోవడం మెచ్చుకోదగ్గ పద్ధతి అన్నాడు. దాన్ని చూసి ఇంగ్లండ్ నేర్చుకోవడం సబబే అని కూడా రాశాడు. అదే నివేదికలో, ఖర్చు భరించలేక పిల్లల్ని బడికి పంపలేని తల్లిదండ్రులు పెరుగుతున్నారనీ, దేశం పేదదైపోతోందనీ బాధపడ్డాడు.

మన పెద్దవాళ్ళు ఓనమాలు దిద్దారంటే అలా ఇసుకలోనే దిద్దారు. ఆ ఇసుక పాఠం ఎగ్మూరు మీదుగా సముద్రం దాటి ప్లిమత్ చేరింది. అక్కడ ఓ యువ సైనికాధికారి చేతిలో పడింది. 1812 ఏప్రిల్లో, అంటే బడహోస్ నెలలోనే, చాతంలో రాయల్ ఇంజనీర్ ఎస్టాబ్లిష్‌మెంట్ అనే బడి ఏర్పాటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. చాతం లండన్‌కి తూర్పున మెడ్వే నది ఒడ్డున అప్పటి నౌకాకేంద్రం. ఆ బడికి అధిపతి పాస్లీ. అప్పటినుంచి 1841 దాకా, ఇరవై తొమ్మిదేళ్ళు అదే బడి.

పాస్లీకి ఒక గుణం ఉంది. నోటితో చెప్పి ఊరుకోడు. చెప్పిందంతా కాగితం మీద పెట్టేవాడు. 1814లో క్షేత్రగణితం పాఠాలు, 1817లో కోటల నిర్మాణం పాఠాలు పుస్తకాలుగా వచ్చాయి. ఆ పైన చాతం బడిలోనే రాతి అచ్చు పెట్టించి, గృహనిర్మాణం మీద పాఠాలు 1826లో అక్కడే అచ్చువేయించాడు. తన తర్వాత ఇంకొకడు వచ్చి అదే పాఠం చెప్పగలగాలి, ఎవడూ లేకపోయినా సిపాయి తనంతట తాను చదువుకోగలగాలి. ఆయన రాతలన్నిటికీ అదే గురి.

నేర్పడమే కాదు, నేర్చుకోవడమూ ఆయనకి సరదా. దళంలో వెల్ష్ సిపాయిలున్నారు, ఐరిష్ సిపాయిలున్నారు. తీరిక దొరికినప్పుడు వాళ్ళ దగ్గర కూర్చుని వెల్ష్ భాషా, ఐరిష్ భాషా నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆ భాషల్ని పెద్ద ఉద్యోగులు లెక్కచేసేవాళ్ళు కాదు. తన కింద పనిచేసే సిపాయిని గురువుగా కూర్చోబెట్టుకున్న దొర ఆయన. నాకు ఈయన మీద గౌరవం కలిగింది ఈ విషయం దగ్గరే.

సిమెంటు సంగతి కూడా చెప్పాలి. సైనిక ఇంజనీర్లకి ఇళ్ళూ వంతెనలూ కట్టడం నేర్పాలంటే, నీళ్ళలో గట్టిపడే సున్నం గురించి చెప్పాలి. తనకే సరిగ్గా తెలియనిది ఎలా చెప్పడం? 1826లో చాతంలోనే ప్రయోగాలు మొదలుపెట్టాడు. సుద్దనీ మట్టినీ కలిపి కాల్చి చూశాడు. మొదట వాడిన గోధుమరంగు మట్టితో ఏమీ కుదరలేదు. విసిగి మానేశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెట్టి, మెడ్వే నది అడుగు నుంచి తీసిన నీలిరంగు ఒండ్రుమట్టితో చేస్తే నీళ్ళలోనూ రాయిలా బిగిసింది. అదే మట్టిని గాలికి వదిలేస్తే గుణం పోతోందని కనిపెట్టాడు. 1838లో ఇదంతా పుస్తకంగా వేశాడు. గెలుపుతో పాటు చెడిపోయిన ప్రయోగాల్నీ దాచకుండా రాశాడు. మన ఊళ్ళల్లో గానుగ సున్నం పట్టించిన మేస్త్రీలకి ఆ తపన తెలుస్తుంది. సున్నం ఎన్నాళ్ళు నానాలి, ఇసుక ఎంత పడాలి అన్నది చేతి గుర్తు. ఆ చేతి గుర్తునే పాస్లీ కొలతగా, మాటగా మార్చి పెట్టాడు.

నీళ్ళ కింది పని మరో కథ. 1782లో ఇంగ్లండ్ రేవుల దగ్గర స్పిట్‌హెడ్ అనేచోట రాయల్ జార్జ్ అనే పెద్ద యుద్ధనౌక లంగరు వేసి ఉండగానే మునిగిపోయింది. 800 మందికి పైగా చనిపోయారు. ఆ శిథిలం అర్ధ శతాబ్దం పాటు ఓడలకి అడ్డంగా సముద్రం అడుగున పడి ఉంది. 1839 నుంచి 1843 దాకా, ఏటా వేసవిలో పాస్లీ తన సాపర్లతో వెళ్ళి, తుపాకిమందు పీపాలు నీటి అడుగున పెట్టించి, విద్యుత్తుతో పేల్చి దాన్ని తొలగించాడు. అప్పట్లో కొత్తగా వచ్చిన డైవింగు దుస్తులు తన సిపాయిలకే తొడిగి, మునగడం వాళ్ళకే నేర్పించాడు. బయటివాళ్ళ మీద ఆధారపడకుండా ఆ పని చివరికి సాపర్లే చేసేలా తయారుచేశాడు. ఇక్కడా అదే సూత్రం: ముందు ఒకడు నేర్చుకోవాలి, వాడు రెండోవాడికి చెప్పాలి.

చాతం బడిలో ఇంగ్లండ్ సైనికులే చదవలేదు. ఈస్టిండియా కంపెనీ తన సైన్యానికి ఇంజనీర్లను తయారుచేసుకోవడానికి 1809లో లండన్‌కి దక్షిణాన అడిస్కోంబ్ అనేచోట ఒక సైనిక కళాశాల పెట్టింది. అక్కడ పై మార్కులు వచ్చిన కుర్రాళ్ళని ఇంజనీర్లుగా ఎంచుకుని, చాతంలో పాస్లీ దగ్గర తర్ఫీదు ఇప్పించేవారు. చాతం వదిలే ముందునుంచే, 1840లో, పాస్లీ అడిస్కోంబ్‌కి పరీక్షాధికారి అయ్యాడు. 1855 దాకా ఆ పని చేశాడు. ఆ ఏళ్ళలో మన మద్రాసు ఇంజనీర్స్ దళంలోకి వచ్చిన కుర్రాళ్ళు ఆయన పరీక్ష దాటి వచ్చినవాళ్ళే.

అడిస్కోంబ్ అనగానే మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఒక పేరు గుర్తుకు రావాలి. 1818లో, పదిహేనేళ్ళ వయసులో ఆ కళాశాలలో చేరిన ఓ కుర్రాడు 1821లో మద్రాసు చేరాడు. ఆయనే ఆర్థర్ కాటన్. మా వైపు ఇప్పటికీ కాటన్ దొర అంటారు, ఊరూరా విగ్రహాలున్నాయి. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాడు. నేను పుట్టిన ఊరికి నీళ్ళిచ్చే కాలువ ఆ ఆనకట్ట బిడ్డే.

ఆ ఆనకట్ట కట్టేటప్పుడు పెద్ద చిక్కు ఒకటుంది. గోదావరి అడుగున రాయి తగలదు. ఎంత తవ్వినా ఇసుకే. ఇసుక మీద అంత బరువు ఎలా నిలబడుతుంది? ఈ ప్రశ్నకి జవాబు కాటన్‌కి అడిస్కోంబ్‌లో దొరకలేదు. కావేరి మీద చోళరాజులు కట్టించిన కల్లణై ఆనకట్ట దగ్గర దొరికింది. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది వేయడం ఎలాగో ఈ దేశపు పాత కట్టడాలు చూసి తాము నేర్చుకున్నామని ఆయన తర్వాత రోజుల్లో దాపరికం లేకుండా రాశాడు. ధవళేశ్వరంలో ఆయన పక్కన నిలబడి పని నడిపించిన మన తెలుగువాడు వీణెం వీరన్నని కూడా గోదావరి జిల్లాలు మరిచిపోలేదు.

ఈ రెండు ఇసుకల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ఇసుకలో మన పిల్లలు అక్షరం రాశారు. దాన్ని చూసి ఒక స్కాట్లండ్ పాదిరి నేర్చుకున్నాడు, ఆయన పుస్తకం చూసి పాస్లీ నేర్చుకున్నాడు. రెండో ఇసుకలో మన పూర్వులు పునాది వేశారు. దాన్ని చూసి కాటన్ నేర్చుకున్నాడు. రెండు పాఠాలూ ఇక్కడివే. కానీ బెల్ పేరుంది, పాస్లీ పేరుంది, కాటన్ పేరుంది. ఆ పొద్దున వీధిబడిలో పిల్లల్ని ఇసుక ముందు కూర్చోబెట్టిన పంతులు పేరు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. కల్లణై రాళ్ళు పేర్చిన మేస్త్రీ పేరూ అంతే. వాళ్ళ విద్య తక్కువై కాదు. వాళ్ళ పాఠం చేత్తో రాసి చేత్తోనే తుడిచేసే ఇసుకలో ఉండిపోయింది, నోటి నుంచి నోటికి వెళ్ళింది. అవతలివాళ్ళు చూసింది రాసుకున్నారు, రాసింది దాచుకున్నారు. రాజ్యం వాళ్ళ చేతిలో ఉండడం కూడా ఒక కారణమే, కాదనను. కానీ కాగితం కూడా ఒక కారణం.

కాగితం మనిషిని పొగడడానికే ఉండదు. తప్పుని కూడా పట్టి ఉంచుతుంది. 1841 చివర్లో పాస్లీ చాతం వదిలి రైల్వేల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. కొత్తగా వేసిన ప్రతి రైలుదారినీ చూసి, ప్రయాణానికి పనికొస్తుందో లేదో చెప్పాలి. 1846లో చెస్టర్ దగ్గర డీ నది మీద పోతయినుము దూలాలతో కట్టిన వంతెనని చూసి సరేనన్నాడు. 1847 మే 24న ఆ వంతెన రైలు కింద విరిగింది. ఐదుగురు చనిపోయారు. విచారణలో ముసలితనంలో ఉన్న పాస్లీ సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ఆ వంతెన కథ కూడా ఆయన జీవితంలో భాగమే, దాన్ని తీసేస్తే మిగిలేది బొమ్మే గానీ మనిషి కాదు. ఒక ఉపాధ్యాయుడి కాగితాలు మొత్తంగా దాచడంలో ఉన్న విలువ అది. తర్వాత వచ్చేవాళ్ళు ఆయన గొప్పతనాన్నీ చూస్తారు, ఆయన ఆశల్లోని అన్యాయాన్నీ చూస్తారు, పొరపాటునీ చూస్తారు. మూడూ చూసినవాళ్ళకే పాఠం పూర్తవుతుంది.

1861 ఏప్రిల్ 19న పాస్లీ లండన్‌లో చనిపోయాడు. అడిస్కోంబ్ కళాశాల మూతపడింది కూడా ఆ ఏడాదే. ఆయన వదిలివెళ్ళిన డైరీలు, ఉత్తరాలు తరాలు దాటి గ్రంథాలయం చేరాయి. ఇవాళ ఎవరైనా అడిగి తీసుకుని చదవవచ్చు.

ఇప్పుడు మా మాస్టారి నోటుపుస్తకాల సంగతి. ఆయన పోయాక పిల్లలు పట్నాల్లో స్థిరపడ్డారు. ఇల్లు అమ్మేశారు. అటక మీదున్న కాగితాలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వెళ్ళాయి. నేను ఊరు వెళ్ళేసరికి ఆలస్యమైంది. ఆ పిల్లల్ని తప్పుపట్టను. ఆ పుస్తకాల్లో ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు, నేనూ చెప్పలేదు. అలాంటి నోటుపుస్తకాలు ముప్ఫై ఏళ్ళవి. ఒక ఊరి పిల్లలు లెక్కల్లో ఎక్కడ తడబడతారో, ఏ మాట చెబితే లేస్తారో, ముప్ఫై ఏళ్ళ పాటు ఒక మనిషి గమనించి రాసిన రాత. ఉపాధ్యాయ శిక్షణ తీసుకునే ఏ కుర్రాడికైనా అది పెద్దబాలశిక్ష అయ్యేది.

మీ ఇళ్ళల్లో బడిపంతుళ్ళున్నారు. పంతులమ్మలున్నారు. పనిలో పడ్డవాడికి పని నేర్పే మేస్త్రీలున్నారు, కుట్టుపని నేర్పే అమ్మలున్నారు. వాళ్ళు రాసుకున్న కాగితం ఏదైనా, పాఠం ప్రణాళిక కావచ్చు, హాజరుపట్టీ అంచున రాసిన ముక్క కావచ్చు, పూర్వ విద్యార్థి రాసిన ఉత్తరం కావచ్చు, పారేయకండి. దాని మీద వాళ్ళ పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచండి. ఊరి గ్రంథాలయం తీసుకుంటే అక్కడ ఇవ్వండి. లేకపోతే పేజీ పేజీకీ ఫొటో తీసి పిల్లల చేతికివ్వండి. రాసే అలవాటు లేనివాళ్ళయితే, పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేది మీరే రాయండి. పాస్లీ తన సిపాయిల పక్కన కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నట్టు.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు మా బడికి వెళ్ళాను. లెక్కల గదిలో ఒక కుర్ర మాస్టారున్నారు. ఆయనతో ఈ సంగతంతా చెప్పి, ఒక మందపాటి నోటుపుస్తకం చేతికిచ్చాను. మొదటి పేజీ మీద మా పాత మాస్టారి గురించి నాకు గుర్తున్నదంతా నేనే రాశాను. "భిన్నాలు, మళ్ళీ మొదటినుంచి" అన్న మాటతో మొదలుపెట్టాను. రెండో పేజీ నుంచి మీరు రాయండి అన్నాను.